సంతకం అయ్యాకే టీ

మొన్న ప్లెయిన్స్‌బరో అనే పక్క ఊరి నుంచి ఒకాయన నాకు వరసగా పదకొండు ఈమెయిల్స్ పంపాడు. అన్నీ ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ ఆయనకు పంపినవే. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. పైన మాత్రం రెండు ముక్కలు రాశాడు: "అక్కా, ఇవేంటో కొంచెం చూసిపెట్టవా? నువ్వు చూస్తే నాకు ధైర్యం." సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, కింద పదిహేనుమంది పనిచేస్తారు, ఉత్తరం చదువుకోవడానికి మాత్రం అక్క కావాలి! ఒళ్లు మండి, నాలుగు చివాట్లు పెడదామని ఫోన్ తీశాను. మళ్లీ పక్కన పెట్టేశాను. టీచరమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లకు ఇన్సూరెన్స్ కవరు తెరవకుండా తెచ్చి ఇంకొకరి చేతిలో పెట్టే అలవాటు ఎవరు చేశారో తెలియదు కానీ, ముందుగా ఆ చెయ్యి చాపింది మాత్రం ఆవిడే.

ఎనభైల మొదట్లో మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్లు తమ ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం మూడింటికి బేస్‌మెంట్ హాలు మాకిచ్చేవారు. పాతిక కుటుంబాలు వస్తే గొప్ప. ఆఖరి పాట పాడి, పాస్టరుగారు దీవెన చెప్పి చేతులు దించీ దించకముందే జనం కిరాణా సంచులు పట్టుకుని వెనక బెంచీ వైపు కదిలేవారు. ఆ సంచుల్లో నెల రోజుల కవర్లు. కారువి, ఇంటివి, జీవిత బీమావి, అన్నీ కలగాపులగం. వెనక బెంచీలో, మా అందరికీ పాలసీలు రాసిన టీచరమ్మగారు కూర్చుని ఉండేవారు. కొప్పులోంచి ఒక పిన్ను లాగి, దాంతో కవరు చించి, కళ్లద్దాలు ముక్కు మీదకు జార్చి చదివేవారు.

"ఇది చెత్త. ఇదీ చెత్తే. ఇది శుక్రవారంలోగా కట్టాలి, మర్చిపోయావో చెవి మెలేస్తాను. ఇదేమో కంపెనీవాడు నీకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడయ్యా. ఇది కూడా నేనే తెరవాలా?"

హిందువులూ అంతే. ఐసెలిన్‌లో మన కొట్లకి కందిపప్పు కోసం వచ్చి, అక్కడ ఆవిడ కారు కనిపిస్తే అడ్డంపడి ఆపేవారు. ఆ కారేమో పడవంత. ఆవిడేమో అయిదడుగులు లేరు. స్టీరింగ్ వెనక ఆవిడ తల కనిపించేది కాదు, కొప్పు ఒక్కటే కనిపించేది. మంచు కాలంలో ఉప్పాడ చీర మీద మగవాళ్ల ఓవర్‌కోటు, కింద రబ్బరు బూట్లు వేసుకుని మన ఇళ్లకు వచ్చేవారు. ఆ వేషం చూసి అమెరికన్ ఇరుగుపొరుగు కిటికీ తెరలు తీసి చూసేవాళ్లు. ఆవిడ వాళ్లకీ చెయ్యి ఊపేవారు.

నరసాపురంలో మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పారట. అంతకు మించి ఆవిడ జీవితం గురించి నాకు పెద్దగా తెలియదు. అడిగితే, "అది సిలబస్‌లో లేదమ్మా" అనేవారు.

పాలసీ అమ్మడం కూడా పాఠం చెప్పినట్టే ఉండేది. ఒకసారి మా ఇంటి పక్క ఇంజనీరు ఇల్లు కొన్నాడు. ఆయనకు డాక్టరేట్ ఉంది, దాని గురించి మాకందరికీ వారానికోసారి చెప్పేవాడు కూడా. టీచరమ్మగారు ఆయనకు ఇంటి పాలసీ అంతా వివరించి, కాగితాలు మూసేసి, చేతులు కట్టుకుని అడిగారు.

"ఇప్పుడు చెప్పండి. వాన ముంచెత్తి వీధిలో నీళ్లు మీ బేస్‌మెంట్‌లోకి వచ్చాయి. కంపెనీ ఇస్తుందా?"

"ఇస్తుందండీ."

"తప్పు. మళ్లీ."

ఆయన మొహం ఎర్రబడింది. పక్కనే భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. మూడోసారికి, "ఇవ్వదండీ, వరదకి వేరే పాలసీ కావాలి" అన్నాడు. అప్పుడు పెన్ను చేతికిచ్చారు.

సంతకం అయ్యేదాకా ఆవిడ ఎవరింట్లోనూ టీ ముట్టుకునేవారు కాదు. కప్పు ముందు పెడితే మూత అడిగి పెట్టించేవారు. ఎందుకండీ అంటే, "మీ టీ తాగాక నేను కాగితం చాపితే మీరు కాదనలేరు, మీరు టీ ఇచ్చాక ఈ పాలసీ మీకు వద్దని నేను చెప్పలేను. అది మొహమాటం సంతకం. రేపు ఏదైనా అయితే కంపెనీ మొహమాటం చూడదు" అనేవారు. మొహమాటం గురించి మనవాళ్ల సామెత ఒకటుంది కానీ, చర్చి సంగతి రాస్తూ అది రాయడం బాగుండదు. సంతకం అయ్యాక మాత్రం చల్లారిన టీని వేడి చేయించుకుని రెండు కప్పులు తాగేవారు. బిస్కెట్లు కూడా వదిలేవారు కాదు.

ఇక నా సంగతి. నేను నాలుగేళ్లు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్లు సర్దే పని చేశాను. చేస్తూనే లైసెన్స్ పరీక్ష పాసయ్యాను. అంతలో ఆ కంపెనీ మా ఊళ్లో ఆఫీసు ఎత్తేసింది. ఇంకొకరి కింద చేసింది చాలు, మనమే ఏజెన్సీ పెడదాం అనుకున్నాను. ఇంటి కోసం దాచుకున్నది తీసి ఇందులో పెట్టాలి. మునిగితే ఇల్లూ లేదు, ఏజెన్సీ లేదు.

దారులు రెండు. సొంతంగా పెట్టుకుంటే నా పేరుతో బోర్డు. "మీ పాలసీలు నన్ను అమ్మనివ్వండి బాబూ" అని కంపెనీల చుట్టూ నేనే తిరగాలి. వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. కానీ వచ్చిన కస్టమర్ నావాడు. ఫ్రాంచైజీ తీసుకుంటే బోర్డు, శిక్షణ, ప్రకటనలు, ఫారాలు అన్నీ వాళ్లవే. వాళ్ల పాలసీలే అమ్మాలి, కస్టమర్ కూడా వాళ్లవాడే.

మావారు ఫ్రాంచైజీ పక్షం. "నీ పేరు చూసి ఎవడొస్తాడే? అమెరికావాడికి నోరు తిరక్క పక్క షాపులో దూరతాడు. ఆ బోర్డు చూసి వస్తారు."

"మీ పేరుకి మాత్రం నోరు తిరుగుతోందా? అయినా ఉద్యోగం ఇచ్చారు కదా" అన్నాను. అన్నానే కానీ నాకూ లోపల గుబులే. ఫ్రాంచైజీ మనిషి డోనట్ల పెట్టె పట్టుకుని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. బోర్డు ఫొటో చూపించాడు. పెద్ద తెల్ల అక్షరాలు, వెనక నుంచి లైటు. అబద్ధమెందుకు, ఆ బోర్డు నాకు నచ్చింది. దాని కింద నేను కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు కల కూడా వచ్చింది. సోమవారం సంతకం పెడతానని చెప్పి, శనివారం పొద్దున్నే కాంట్రాక్ట్ పట్టుకుని టీచరమ్మగారింటికి వెళ్లాను. ఆవిడ కూడా డెబ్బైల చివర ఒక ఫ్రాంచైజీలో చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నారని అందరికీ తెలుసు. ఎందుకు బయటికొచ్చారో మాత్రం ఎవరికీ తెలియదు.

వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. టీ ఇవ్వలేదు. కాంట్రాక్ట్ చివరిదాకా తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి నా ముందుకు తోశారు.

"చదువమ్మాయ్. చదివి తెలుగులో చెప్పు."

చదివాను. "నేను ఫ్రాంచైజీ వదిలేస్తే రెండేళ్లపాటు వాళ్ల కస్టమర్లతో ఇన్సూరెన్స్ విషయం మాట్లాడకూడదండీ."

"సరిగ్గా చెప్పావు. ఇప్పుడు దీని అర్థం చెప్పు."

"అదే కదండీ అర్థం."

"కాదు."

"మరింకేంటండీ?"

ఆవిడ కొప్పులోంచి పిన్ను తీసి, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు.

"వాళ్లు నాకు అన్యాయం చెయ్యలేదమ్మా. పని నేర్పారు. ఇళ్లకెళ్లి అంతసేపు కూర్చోవద్దు, ఆఫీసుకి పిలిపించుకో అన్నారు. మనవాళ్లు ఆఫీసుకి ఎక్కడొస్తారు? నాకు కుదర్లేదు, మానేశాను. అప్పుడు ఈ పేజీ ఉంది. నేను చదివే సంతకం పెట్టాను. మాటంటే మాటే. ఆ పై ఆదివారం నుంచి సంచులు వెనక్కిచ్చేశాను. 'ఇప్పుడు నేను చూడకూడదు, ఆఫీసుకి ఫోన్ చెయ్యండి' అని అందరికీ చెప్పాను. చాలామంది చేసుకున్నారు. ఒకాయన చేసుకోలేదు."

ఆ ఒకాయనను నేనూ ఎరుగుదును. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మెత్తని మనిషి. పాటల పుస్తకాలు పంచేది ఆయనే.

"నేను బిజీగా ఉన్నాననుకున్నాడు పాపం. 'పర్లేదండీ టీచరమ్మగారూ, మీకు ఖాళీ అయినప్పుడే చూద్దురు' అని సంచి మళ్లీ కారులో పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం తెచ్చేవాడు, ప్రతి ఆదివారం వెనక్కి తీసుకెళ్లేవాడు. కొత్తవాళ్లకి ఫోన్ చేస్తే నాకు కోపమొస్తుందని భయం. ఒక ఆదివారం సంచిలో పైనున్న కవరు మీద ఎర్ర గీత చూశాను. ఆ గీత దేనికో నాకు తెలుసు. ఇంక కట్టకపోతే పాలసీ పోతుందని. నోటిదాకా వచ్చింది. 'బ్రదర్, అది ఈ రోజే తెరువు' అంటే సరిపోయేది. అనలేదమ్మా. మాటిచ్చాను కదా అని నోరు మూసుకున్నాను."

రెండు నెలల తర్వాత ఆయన ఫ్యాక్టరీలోనే గుండె ఆగి పోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు. పాలసీ అప్పటికే రద్దయిపోయింది. కారు డిక్కీలో సంచి దొరికింది, ఒక్క కవరూ చించకుండా.

"దేవుడు అడిగితే మాట నిలబెట్టుకున్నానని చెప్తాను. ఆ పిల్లలు అడిగితే ఏం చెప్పను?" అన్నారు టీచరమ్మగారు. అలా అని నా కాంట్రాక్ట్ మూసి నా చేతిలో పెట్టారు. "ఇదీ ఆ పేజీ అర్థం. ఫ్రాంచైజీ తీసుకుంటావో, సొంతంగా పెట్టుకుంటావో నేను చెప్పను. అర్థమయ్యాక సంతకం పెట్టు. అంతే."

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కుని, "ఆ ఒక్క పేజీ తీసెయ్యమని అడుగు" అన్నారు. మంచి మాటే. సోమవారం ఫ్రాంచైజీ మనిషిని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు కూడా. కానీ అందరికీ ఒకటే కాంట్రాక్ట్, ఒకరికోసం మార్చలేమన్నాడు. డోనట్లు తెచ్చిన మనిషికి కాదని చెప్పడానికి నాకెంత కష్టమైందో ఆ దేవుడికే తెలుసు. టీ కాకపోయినా డోనట్ కూడా మొహమాటమే కదా!

సొంతంగానే పెట్టాను. ఐసెలిన్‌లో ఒక టైలరు షాపు మీద చిన్న గది. మొదట అడిగిన మూడు కంపెనీలు, అనుభవం లేదు పొమ్మన్నాయి. నాలుగోది టీచరమ్మగారు రాసిన ఉత్తరం చూసి ఒప్పుకుంది. బోర్డు మావారే రాశారు. నా పేరులో ఒక అక్షరం వంకరపోయింది, నోరు తిరగనివాడికి ఇంకా తేలికవుతుందిలే అన్నారు.

తెరిచిన రోజు ప్రార్థన చేసి పాస్టరుగారు, సంఘంవాళ్లు వెళ్లిపోయారు. టీచరమ్మగారు ఒక్కరే ఉండిపోయారు. నా ఎదురుగా కస్టమర్ కుర్చీలో కూర్చుని కోటు గుండీలు విప్పారు.

"బోణీ నాదే. నా మీద జీవిత బీమా రాయి."

"మీరు అందరికీ రాస్తారు కదండీ, మీకు లేదా?"

"నాకెవరున్నారని రాసుకోను? ఇప్పుడు రాయి."

ఫారం తీశాను. మన ఊళ్లో నామినీ అంటాం, ఇక్కడ బెనిఫిషియరీ. ఆ గడి దగ్గరకొచ్చి ఎవరి పేరండీ అన్నాను. ఆవిడ ఇద్దరు పిల్లల పేర్లు చెప్పారు. ఆ ఫ్యాక్టరీ ఆయన పిల్లలు. వాళ్లు పెద్దయ్యేదాకా తల్లి చేతికి రావాలన్నారు. నా పెన్ను ఆగిపోయింది.

"వాళ్లకి తెలియాల్సిన పనిలేదు. నువ్వు ఎవరికీ చెప్పకూడదు. మాటివ్వు."

ఇచ్చాను. సంతకం చేశారు. తర్వాత, "ఏమ్మాయ్, మీ కొత్త ఆఫీసులో టీ ఇవ్వరా?" అన్నారు.

ఆ తర్వాత ఏడేళ్లు ప్రతి ఆదివారం టీచరమ్మగారినీ, ఆ ఫ్యాక్టరీ ఆయన భార్యనీ నేను చూస్తూనే ఉన్నాను. ఆయన పోయాక ఆమె బెంచీ మార్చేసింది. టీచరమ్మగారు ఎడమ పక్క వెనక, ఆమె కుడి పక్క ముందు. వందనాలు చెప్పుకునే వేళ కూడా అటు చూసేది కాదు. టీచరమ్మగారు మాత్రం ఆ పిల్లలిద్దరూ పాటకు లేచినప్పుడల్లా వాళ్లనే చూసేవారు. చెప్పేద్దామని ఎన్నిసార్లనుకున్నానో. ఒకసారైతే పార్కింగ్ లాట్‌లో ఆమె కారు పక్కన నిలబడి, నోరు తెరిచి, "ఈ చలేంటో ఈ ఏడాది" అని వచ్చేశాను. మాటిచ్చాను కదా.

టీచరమ్మగారు ఒక మార్చి నెలలో ప్రభువునందు నిద్రించారు. రెండు రోజుల జ్వరం, అంతే. భూస్థాపనకు మూడు ఊళ్ల జనం వచ్చారు. మన హిందువులు కూడా నిలబడి పాట పాడారు. ఆమె కూడా వచ్చింది కానీ కారు దగ్గరే ఉండిపోయింది.

వారం తర్వాత క్లెయిమ్ ఫారాలు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. పెద్దమ్మాయి కాలేజీలో ఉంది, చిన్నవాడు స్కూలుకెళ్లాడు. నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిందేమో, ఆమె యూనిఫాంలోనే ఉంది. కాగితం బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను. ఫ్రాంచైజీ కాంట్రాక్ట్, ఆ పేజీ, రెండేళ్ల మాట, ఎర్ర గీత, అన్నీ చెప్పాను. ఆమె తన పిల్లల పేర్ల మీద వేలు పెట్టి, అలాగే ఉంచింది.

"ఇది ఎప్పుడు రాయించిందక్కా?"

"మా ఆఫీసు తెరిచిన రోజు."

"ఏడేళ్ల నించీ నీకు తెలుసా?"

"తెలుసు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు."

"కాంట్రాక్ట్ సంగతి నాకు తెలీదక్కా. మేం చిన్నవాళ్లం, ఫ్యాక్టరీవాళ్లం, మా పాలసీ చిన్నది, అందుకని వదిలేసిందనుకున్నాను. ఈ ఇంటికి ఒక్కసారి వచ్చి, 'చెప్పలేకపోయానమ్మా' అని ఒక్క ముక్క అంటే, ఆ రోజే అన్నం పెట్టి పంపేదాన్ని. మా ఆయనకి ఆవిడంటే ప్రాణం. ఆవిడ రాలేదు. నువ్వైనా చెప్పలేదు."

ఏ కాగితమూ నా నోరు కట్టెయ్యకూడదనే కదా ఇంటి డబ్బు తెచ్చి సొంత బోర్డు పెట్టుకున్నాను! నా ఆఫీసు గదిలో నాకు పైఅధికారి లేడు, రూలు లేదు, అలాంటి పేజీ లేదు. అయినా మాటిచ్చాను కదా అని నోరు మూసుకున్నాను. టీచరమ్మగారు చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పగలను. అర్థం మాత్రం ఆ రోజు ఆ బల్ల దగ్గరే తెలిసింది. ఆవిడ బతికుండగా తెలియలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. సంతకాలు తర్వాత పెడతానంది. యూనిఫాం మీదే పొయ్యి వెలిగించి, ఉన్న పప్పు వేడి చేసి, అన్నం వడ్డించి నా ముందు పెట్టింది. వద్దనలేదు. అది టీచరమ్మగారు తినాల్సిన అన్నం. ఏడుస్తూనే తిన్నాను.